అమావాస్య నాడు ప్రొద్దుటూరులో సర్వర్ అప్‌గ్రేడ్

మా ట్రస్టుకు పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల్లో డయాలసిస్ సెంటర్లు ఉన్నాయి. నేను పులివెందులలో జనరేటర్ చూసుకోవడానికి చేరినవాణ్ణి. చదువు ఊరి బడిలో ఏడో తరగతి వరకే. కంప్యూటర్లు వచ్చాక, వాటిని పెట్టిన ఇంజనీరు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు మూడు ఊళ్ల సర్వర్లూ నేనే చూస్తున్నాను. ఇలాంటి పని మీద ఇటు వచ్చేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది ఒకే పెట్టెలో నాలుగైదు కంప్యూటర్లు ఉన్నట్టు నడిచే ఏర్పాటు. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. జమ్మలమడుగు రోగుల వివరాల మెషీన్ అక్కడి పాత పెట్టెలో ఉంది. ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో, ఎవరికి ఏ మందు పడదో నర్సులు అందులో చూశాకే సూది పెడతారు. ఆ పెట్టెలో ఒక డిస్క్ పోయింది. అప్పటి నుంచి రోజూ రాత్రి తీసే కాపీ కూడా పూర్తి కావడం లేదు. ఇంకో డిస్క్ పోతే మిగిలేది ఏమీ ఉండదు. ప్రొద్దుటూరులో కొత్త పెట్టె సిద్ధంగా ఉంది. కానీ మెషీన్లను పెట్టె నుంచి పెట్టెకు మార్చే మేనేజ్‌మెంట్ సర్వర్ (అదీ ప్రొద్దుటూరులోనే వేరే పెట్టెలో నడిచే ఒక మెషీన్) పాత వెర్షన్‌ది, కొత్త పెట్టెను గుర్తుపట్టదు. ముందు దాన్ని అప్‌గ్రేడ్ చేయాలి. మౌస్‌తో చేసే పేజీ తెరుచుకోవడం మానేసింది. ఇక కమాండ్ లైనే దారి. అప్‌గ్రేడ్ ఫైలు మా నెట్ మీద దిగనంత పెద్దది. హార్డ్ డిస్క్‌లో వేసుకుని బయల్దేరాను.

పులివెందుల నుంచి పొద్దున్నే ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకు బస్సు పట్టుకోవచ్చు. టికెట్ వంద లోపే. చీనీ (బత్తాయి) తోటలు దాటాక సిమెంటు లారీలు ఎదురవుతాయి, కిటికీ మూసుకోవడం మంచిది. జమ్మలమడుగు బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ తిన్నాను. హార్డ్ డిస్క్ డబ్బా ఒళ్లోంచి దించకపోవడం చూసి హోటలామె నవ్వింది.

"ఏందిప్పా అంత గట్టిగా పట్టుకుంటివి? ప్రొద్దుటూరుకు బంగారం ఎత్తుకపోతాండావా?"

నేను తల ఊపాను. ఏమనుకుందో మరి, ఇంకో బజ్జీ వేసింది.

అక్కడి సెంటర్లో నాలుగు మంచాలూ నిండి ఉన్నాయి. నర్సు సలీమా నన్ను నేరుగా పెట్టె దగ్గరికి తీసుకుపోయింది. ఎర్ర లైటు ఆరి ఆరి వెలుగుతోంది.

"సాయంత్రం దాకా ఉంటాదా మామా?"

"చూస్తాను."

"చూస్తానంటే ఉంటాదనా, పోతాదనా? ఇంకొక మాట మాట్లాడితే నీ దుడ్లేమన్నా పోతాయా?" అని, గొంతు తగ్గించింది. "రోజూ వచ్చేటోళ్లవి నాకు నోటికే వచ్చు. కొత్తోళ్లు ఇద్దరుండారు. వాళ్లవి అందులోనే ఉండాయి."

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు బస్సులకు కొదవ లేదు. ముక్కాల్ గంట ప్రయాణం. సెంటర్ గుమ్మానికి కొత్త మామిడాకులు, మూలన బూడిద గుమ్మడికాయ. అమావాస్య. ఇన్‌చార్జి ఓబులేసు నన్ను సర్వర్ గదిలో కూర్చోబెట్టి వెళ్లాడు. ముందు స్నాప్‌షాట్ తీశాను. పని చెడితే మేనేజ్‌మెంట్ సర్వర్‌ను ఉన్న స్థితికి మళ్లీ తెచ్చుకోవడానికి అదే ఆధారం. తర్వాత ఒక కమాండ్‌తో కొత్త ఫైళ్లు సర్వర్‌లోకి దించాను, ఇంకోదానితో అన్నీ వచ్చాయని చూసుకున్నాను, మూడోదానితో ఎక్కించడం మొదలుపెట్టాను. తెర మీద శాతం పెరుగుతోంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఓబులేసు తడిగుడ్డతో, సెంటర్ ఊడ్చే లక్ష్మీదేవి కుంకుమ పళ్లెంతో వచ్చారు. పైపైన బొట్టు పెట్టి పోతారులే అనుకుని నేను మాట్లాడలేదు. ఓబులేసు పక్క గదిలోకి వెళ్లాడు. ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది. తెర నల్లబడింది.

"ఏం చేస్తివి ఓబులేసూ?"

"యూపీఎస్ ఆపినాప్పా. కరెంటు ఉండంగా తడిగుడ్డ పెడితే కాలిపోవా యంత్రాలు?"

"అప్‌గ్రేడ్ నడుస్తాంది."

ఆయన మొహం వాడిపోయింది. "చెప్పొద్దా మామా! ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే పని అయిపోయిందనుకుంటిమి."

లక్ష్మీదేవి పళ్లెం కింద పెట్టేసింది. "గోడ మీద బల్లి ఉంటాది, అది కూడా పలుకుతాది," అంది. ఎవరూ నవ్వలేదు.

డయాలసిస్ యంత్రాలది వేరే లైను కాబట్టి రోగులకు ఇబ్బంది కాలేదు. యూపీఎస్ వేశాం. పెట్టెలు లేచాయి, మేనేజ్‌మెంట్ సర్వర్ లేవలేదు. అప్పుడే సలీమా ఫోన్.

"మామా, ఇంకో డిస్క్‌కు కూడా ఎర్ర లైటు పడింది. ఇంకా చదవనిస్తాంది గానీ శానా నిదానమైంది."

నేను మొదటిసారి వివరంగా చెప్పాను, ఆమెకూ, ఓబులేసుకూ కలిపి. ఏం చెడిందో, మళ్లీ ఏం చేయబోతున్నానో, ఎంతసేపు ఎవరూ ఏ స్విచ్చూ ముట్టుకోకూడదో. ఓబులేసు యూపీఎస్ గది గడప మీద కూర్చున్నాడు. "నువ్వు కానీప్పా. నన్ను దాటి ఎవరన్నా పోతే అడుగు," అన్నాడు. సర్వర్ ఉన్న పెట్టెలోకే నేరుగా కమాండ్‌తో వెళ్లి స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పాను. అది లేచింది. మళ్లీ అవే మూడు కమాండ్లు. ఈసారి చివరిదాకా పోయింది. కొత్త పెట్టెను గుర్తుపట్టింది.

జమ్మలమడుగు మెషీన్‌ను మార్చడం మొదలుపెట్టాను. రెండు ఊళ్ల మధ్య నెట్ లైను సన్నం. మధ్యలో రెండుసార్లు శాతం కదలకుండా నిలబడిపోయింది. ఓబులేసు భోజనం కూడా గడప మీదే చేశాడు. పొద్దు గూకాక పూర్తయింది. సలీమాకు ఫోన్ చేసి తెరిచి చూడమన్నాను. కీబోర్డు టకటకలు వినపడ్డాయి.

"వచ్చినాయి మామా. కొత్తోళ్లవి ఇద్దరివీ వచ్చినాయి." ఆ తర్వాత, "ఈ పాతదాన్ని ఏం చేయమంటావు?"

"ఆపేయమ్మా."

మీట నొక్కిన చప్పుడు ఫోన్‌లో విన్నాను. పదేళ్లు ఆ పెట్టె నేను చెప్పినట్టే పనిచేసింది.

ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాను. చీకటి పడ్డాక పులివెందులకు బస్సులు తక్కువ. నిద్ర పట్టలేదు. ఓబులేసు కాపాడదామనే ఆపాడు. నేను ఎవరికీ అడ్డం రాకూడదనే నోరు మూసుకున్నాను. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా, పేరు కూడా తెలియని ఆ ఇద్దరి వివరాలు కొద్దిలో పోయేవి. తెర మీద కనపడేది నా ఒక్కడికే అర్థమవుతుందని ఇన్నేళ్లుగా నాకు తట్టలేదు. గదిలో ఉన్నవాళ్లకు చెప్పడం కూడా పనిలో భాగమే.

మీకు ఉపయోగపడే సలహా ఒక్కటే. అమావాస్య నాడు అప్‌గ్రేడ్ పెట్టుకోవాల్సి వస్తే, యంత్రాలు తుడిపించి, బొట్టు పెట్టించి, పూజ పూర్తయ్యాకే మొదటి కమాండ్ కొట్టండి.