అన్నిటికీ నక్షత్రమే

పత్రికలో డెస్కు పని వదిలేశాక, మట్టెవాడలో ఒక బట్టల సేటు నడిపే వార్తల వెబ్‌సైటులో చేరాను. పత్తి మార్కెట్ ఏ రోజు బందో మా సైటులో చూసుకుని పత్తి బండి కట్టే రైతులు తొర్రూరు దాకా ఉన్నారు. మా సైటుకు విలువంటూ ఉంటే ఆ ఒక్క పేజీ వల్లనే.

సైటు తయారుచేసింది హన్మకొండలో కోచింగ్ సెంటర్ నడిపే ఇంజనీరు. సైటు వేరేవాళ్లు రాసిపెట్టిన ప్రోగ్రాముల మీద, అంటే ప్యాకేజీల మీద నడుస్తుంది. ఏ ప్యాకేజీకి ఏ వెర్షన్ కావాలో ఒక ఫైలులో రాసిపెట్టాలి. వెర్షన్ అంటే మూడంకెలు. చివరిది మారితే చిన్న మరమ్మతు, మధ్యది మారితే కొత్త సదుపాయం, మొదటిది మారితే పాత పద్ధతి చెల్లకపోవచ్చని హెచ్చరిక. అంకెల ముందు టోపీ గుర్తు (^) పెడితే మొదటి అంకె కదలదు. అల గుర్తు (~) పెడితే చివరిదే కదులుతుంది. ఏ గుర్తూ లేకపోతే అచ్చంగా అదే వెర్షన్. నక్షత్రం పెడితే ఏదొస్తే అది.

ఇది నాకు ఒక్క పూటలో అర్థమైంది. ఏళ్లుగా ఇదే పాఠం చెప్పే ఇంజనీరు మా ఫైలులో అన్నిటికీ నక్షత్రం పెట్టాడు. ఎందుకంటే, "సేటు లేటెస్టే కావాలన్నడు సార్" అన్నాడు.

సేటు తన జ్ఞానం కూడా పంచాడు. "పోయిన పండుగ చీర ఈ పండుగకు ఎవ్వలు కొంటరు? పాత సరుకు మనకొద్దు."

ఒక మధ్యాహ్నం, మర్నాడు మార్కెట్ బంద్ అని కబురొచ్చింది. అదే పూట ఇంజనీరు సైటును కొత్త సర్వర్‌కు మార్చాడు. ప్యాకేజీలన్నీ తాజావి దిగాయి. నోటీసులు చూపే ప్యాకేజీకి మొదటి అంకె మారిపోయింది. బంద్ పేజీ ఖాళీగా, తెల్లగా వచ్చింది.

"రాసినోళ్ల తప్పు సార్," అన్నాడు ఇంజనీరు.

"అంకె మార్చి వాళ్లు చెప్పనే చెప్పిన్రు. వినకుండ తెచ్చుకున్నది నువ్వు," అన్నాను.

"ఫికర్ చెయ్యకుండ్రి. జర ఆగితే ఇంకో వెర్షన్ వస్తది."

"ఇంకా కొత్తదా? మంచిదే గదా!" అన్నాడు సేటు.

ఇంజనీరు పాత ల్యాప్‌టాప్ తెరిపించి, అందులో సైటు సరిగ్గా నడుస్తున్న వెర్షన్ల అంకెలు చూసి, ఏ గుర్తూ లేకుండా ఫైలులో నేనే కొట్టాను. పేజీ తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి మూసిన మార్కెట్ గేటు ముందు తొర్రూరు ట్రాలీ ఒకటి నిలబడి ఉంది. రైతు మబ్బు చూసి పత్తి మీద పరదా లాగుతున్నాడు. మా సైటు చూడలేదా అని అడిగాను.

"నిన్న పగలు మూడుసార్లు చూసిన సారూ. తెల్లగుంటే బంద్ లేదనుకున్న."

ఇంజనీరుకు ఫోన్ చేశాను. క్లాసులో ఉన్నానని పెట్టేశాడు. చినుకులు మొదలయ్యాయి. పరదా రెండో కొస నేను పట్టుకున్నాను.