పొలుసు తీసే మిషన్

నిన్న నాన్నతో ఏలూరు చేపల మార్కెట్‌కి వెళ్లి పొలుసు తీసే మిషన్ చూశాను. గిర్రున తిరుగుతూ క్షణంలో చేపని నున్నగా చేసేస్తోంది. నా ముక్కుకి మాత్రం పొయ్యి బూడిద వాసన తగిలింది. కొరమేను జారిపోకుండా బూడిదలో పొర్లించి, పెరట్లో గరుకు బండ మీద తోమేవారు, గుర్తుందా మీకు?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. కొల్లేటి ఒడ్డున మా ఇంట్లో అమ్మ, నాయనమ్మ చేపలు తోముతుంటే నేను అట్ట ఊడిన పాత నవల ఒకటి పైకి చదివేదాన్ని. అది రాబోయే కాలంలోని ఒక దేశం కథ. అక్కడ కొనడాలు, అమ్మడాలు ఉండవు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకెళతారు.

"చెరువు పట్టుబడి రోజున మనూళ్లో అంతేగా! వచ్చినోళ్లందరికీ కూరకి చేపలిస్తాం. దానికి పుస్తకమెందుకే?" అంది నాయనమ్మ.

"అక్కడ ఇంటి పనంతా మిషన్లే చేస్తాయి నాయనమ్మా. ఆడవాళ్లు హాయిగా కూర్చుని చదువుకుంటారు."

అమ్మ చేతిలో చేప ఆగిపోయింది. నాయనమ్మ లేచి చేతులు కడుక్కుని, అరుగు మీద పేపరు చదువుతున్న నాన్నని పిలిచింది.

"అబ్బాయ్, ఆ మిషనొచ్చేదాకా నువ్వు తోము. కోడలూ నేనూ కథ వినాలి."

నాన్న నవ్వుతూ లుంగీ ఎగ్గట్టి కూర్చున్నారు. మొదటి చేప జారి నా పుస్తకం మీద పడింది. ఆ పేజీకి పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆ తర్వాత ప్రతి ఆదివారం చేపలు తోమే పని ఆయనదే.

నిన్న కొట్టాయన, "మిషన్లో వేసేయమంటారాండీ?" అని అడిగితే నాన్న సంచీ చాపారు.

"వద్దండీ. మా ఇంట్లో ఆ మిషన్ నేనేనండి."