పెళ్లిచూపుల్లో కందిరీగలు

పాతికేళ్లు నిండని ఆ రోజుల్లో నాకు మనుషుల ముఖాలు అంతగా గుర్తుండేవి కావు గానీ, నువ్వుగింజంత కందిరీగను చూపిస్తే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేదాన్ని. (చెప్పగలననుకునేదాన్ని.) పరిశోధన కోసం గద్వాలలో గది అద్దెకు తీసుకుని, పత్తిచేలలో ఏరుకొచ్చిన గొంగళిపురుగుల్ని ప్లాస్టిక్ డబ్బాల్లో పెంచుతుండేదాన్ని. ఈ కందిరీగలు ఆ పురుగుల ఒంట్లో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు పురుగును లోపలినుంచే తిని పెరుగుతాయి. రెక్కలొచ్చాక ఏది ఏ జాతో, దేనికి ఏది దగ్గరి చుట్టమో తేల్చడమే నా పని.

ఒక ఆదివారం కల్వకుర్తి నుంచి పెళ్లిచూపులకు వస్తున్నారని పెద్దమ్మ ముందుగానే దిగింది. "డబ్బలన్ని మంచం కిందికి నూకు. పురుగులు సాకే పిల్లను ఎవరు చేస్కుంటరే?" అంది. నూకాను. ఆ నూకడంలో ఒక డబ్బా మూత ఊడిందని, సరిగ్గా ఆ పూటే అందులోని కందిరీగలకు రెక్కలొచ్చాయని అబ్బాయి చాయ్ అందుకునేదాకా తెలియలేదు. వెలుతురు వెతుక్కుంటూ లేచి, కిటికీ పక్కన కూర్చున్న అతని తెల్లచొక్కా మీద వాలాయి. పెద్దమ్మ కొంగుతో దులపబోయింది.

"కొట్టకు పెద్దమ్మా!" అని అరిచాను. నెలల తరబడి ఎదురుచూసిన పురుగులవి. వాటిని పట్టే రబ్బరు గొట్టం నోట పెట్టుకుని, అతని భుజం మీదికి వంగి, ఒక్కొక్కదాన్నీ సీసాలోకి పీల్చసాగాను.

"ఏందమ్మా గది? పిల్లగాని నెత్తురు తాగుతున్నవా?" అని అతని మేనత్త లేచి నిలబడింది.

అతను మాత్రం బొమ్మలా కదలకుండా, "కుడతయా?" అన్నాడు మెల్లగా. మనుషుల జోలికి రావన్నాను. "అన్ని ఒక్కటే జాతా?"

ఆ మాట అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. మీసాల కణుపులు, రెక్కల మీది గీతలు, అవీ చాలకపోతే డీఎన్ఏ... చాయ్ చల్లారిపోతున్నా అతను విన్నాడు. మేనత్త వినలేదు. "మావోని పేరు గుడ అడగలే, పురుగులయి మాత్రం ఏడు తరాల ముచ్చట చెప్పవట్టె," అంటూ అందరినీ లేవదీసింది.

"పాయె సంబంధం," అని పెద్దమ్మ మంచం మీద కూలబడింది. సీసా నిండా కందిరీగలున్నా నాకు సంతోషమనిపించలేదు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. అతనే. మెడ బిగబట్టి నిలబడ్డాడు.

"కాలర్ మీద ఇంకొకటున్నది. బస్టాండుల చూస్కున్న. ఎగిరిపోతదేమోనని మెడ తిప్పలే."

గొట్టం తెచ్చి దాన్నీ సీసాలోకి పీల్చాను. "మీ పేరేంది?" అని అప్పుడడిగాను.

మా ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు గానీ, ఆ కందిరీగ కొత్త జాతేమీ కాదు, ప్రతి పత్తిచేలో దొరికేదే. అయినా ఆ సాయంత్రం దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టుకుని, ఒక్క గీతైనా రాసుకోకుండా, చీకటి పడేదాకా చూస్తూ కూర్చుంది, పాతికేళ్లు నిండని ఆ పిచ్చిపిల్ల.