నాలుగో ముక్క

మూటల మేస్త్రీ అంటే నాకు పడదు. ఎదురు బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్ళూ పడలేదు, రిటైరై వెళ్ళాకా పడలేదు, ఇప్పుడు ఛాతీ మీద కుట్లతో ఇంట్లో పడుకున్నాడని తెలిసినా పడటం లేదు. పెద్దాయన్ని పట్టుకుని అలా అనకూడదని మా రికార్డు గదికి వచ్చే నర్సమ్మ చాలాసార్లు నాకు సుద్దులు చెప్పింది. ఆవిడకేం, దెబ్బతిన్నది ఆవిడ అక్క కాదు కదా.

ఆయన మా ఆసుపత్రిలో చేరింది చీకటి గదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడగడానికి. మందునీళ్ళలో చేతులు నానీ నానీ గోళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. ఫిల్ములు పోయి స్కాన్‌లన్నీ కంప్యూటర్లోకి ఎక్కేసరికి ఆయనకు నలభై ఆరేళ్ళు. తోటివాళ్ళు ఇక మనవల్ల కాదని వేరే పనులు చూసుకుంటే, ఈయన ఆ గోళ్ళతోనే మౌసు పట్టుకుని నేర్చుకున్నాడు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను, పట్టుదల మనిషి.

అప్పట్లో కంప్యూటర్లో చోటు తక్కువ, ఏడాది తిరిగేసరికి నిండిపోయేది. ఏం చేయాలో పై డాక్టర్లకే పాలుపోలేదు. ఈయన ఎవరిని అడిగి తెలుసుకున్నాడో ఏమో, ఒక ఏడాది స్కాన్‌లన్నిటినీ కలిపి మూట కట్టినట్టు ఒకే జిప్ ఫైలుగా కుదించి, దాన్ని సీడీకి పట్టేంత ముక్కలుగా కోసి, ఆరు సీడీల మీద రాసి, స్టీలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. కంప్యూటర్లో ఉన్న అసలు ఫైళ్ళను ఆ సాయంత్రమే చెరిపేశాడు. మర్నాడు డాక్టర్లు చూస్తే కంప్యూటర్ ఖాళీగా, కొత్తదానిలా ఉంది. ఆ రోజునుంచి ఆయన మూటల మేస్త్రీ అయ్యాడు. ఆ పేరు ఎగతాళికి పెట్టినా ఆయన బిరుదులా మోశాడు.

ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. ఒక్క మనిషి స్కాన్ కావాలన్నా ఆరు సీడీలూ కంప్యూటర్లోకి ఎక్కించాలి, మొదటి ముక్క మీద నొక్కి మూట మొత్తం విప్పాలి. ఆరింట్లో ఒక్కటి దెబ్బతిన్నా దాని తర్వాత ఉన్నవేవీ బయటికి రావు. రోగికి ఒక మూట చొప్పున కడితే ఈ గొడవే ఉండదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆ మాట అన్నాను. అలా కడితే ఏడో సీడీ పడుతుందట, చోటు దండగట. పోనీ, కట్టిన మూటను ఒకసారి విప్పి చూసి, అన్నీ ఉన్నాయని తేల్చుకున్నాకే అసలు ఫైళ్ళు చెరపండి అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, తన చేతి మూట విప్పి చూసే అవసరం ఇంతవరకూ రాలేదని, నిన్నగాక మొన్న వచ్చి తనకే పాఠాలు చెప్పొద్దని, అక్కడున్న నలుగురూ వినేలా అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. కానీ కొత్త ఉద్యోగం కదా, పళ్ళు నూరుకుని ఊరుకున్నాను.

నిజానికి నా మంట అంతకు రెండేళ్ళ ముందే రాజుకుంది. మా అక్క సంగతి చెప్పాలి.

అక్కకు ఒకవైపు అండాశయం పెళ్ళైన మరుసటి ఏడాదే గడ్డ వచ్చి తీసేశారు. మిగిలింది రెండోది ఒక్కటే. కొన్నాళ్ళకు దాని మీదా చిన్న గడ్డ కనిపించింది. డాక్టరమ్మ తొందరపడలేదు. కిందటేడు తీసిన స్కాన్ తెమ్మంది. గడ్డ అప్పుడూ ఇంతే ఉంటే జోలికి పోనక్కర్లేదు, పెరుగుతుంటే మాత్రం వెంటనే గడ్డ ఒక్కటీ తీసేసి అండాశయాన్ని కాపాడతానంది. పాత స్కాన్ దొరక్కపోయినా చెప్పు, అప్పుడూ ఆగకుండా తీసేస్తాను అని కూడా అంది. అక్క రికార్డు గదికి వెళ్ళి రెండు ప్రతుల్లో అర్జీ రాసిచ్చింది. మేస్త్రీ మూడు రోజుల్లో రమ్మన్నాడు. మూడు రోజులకు వెళితే ఇంకో మూడు రోజులన్నాడు. తర్వాత బీరువా తాళం కుదరలేదన్నాడు, ఆ తర్వాత కంప్యూటర్ నడవడం లేదన్నాడు. అక్క కాళ్ళరిగేలా తిరిగింది. పదకొండో రోజు పొద్దున వంటింట్లో పొట్ట పట్టుకుని కూలబడింది. గడ్డ మెలితిరిగింది. అండాశయం నల్లబడిపోయిందని, కోసి తీసేయడం తప్ప దారి లేదని చెప్పారు. అప్పటికి అక్కకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఇక పిల్లల మాట లేదు.

రెండేళ్ళ తర్వాత అదే గదిలో, అదే మనిషి ఎదురుగా నాకు ఉద్యోగం వచ్చింది. వద్దనుకునే స్తోమత మాకు లేదు. నేను ఎవరి చెల్లెల్నో మేస్త్రీకి తెలుసు. తొలిరోజే తెలుసుకున్నాడు, ఆ ఊసు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఎనిమిదేళ్ళు ఎదురుబొదురుగా కూర్చున్నాం. ఫ్యాను ఆయన వైపు తిప్పుకుంటే నేను నా వైపు తిప్పుకునేదాన్ని. నా కాగితం ఆయన బల్ల మీదికి జానెడు జరిగినా వేలి కొసతో వెనక్కి తోసేవాడు. బీరువా తాళం చొక్కా జేబులోంచి బయటికి తీసేవాడు కాదు. మొండివాడు, చాదస్తుడు, మనిషికన్నా కాగితం ఎక్కువనుకునే రకం అని నేను తిట్టుకునేదాన్ని. అంతకుమించి అనుమానించలేదు. నా తెలివి అంతవరకే పనిచేసింది.

కిందటేడు ఆయన రిటైరయ్యాడు. సన్మానం చేసి శాలువా కప్పారు. నేను చప్పట్లు కొట్టలేదు.

మొన్న ఒక సోమవారం పదకొండు గంటలవేళ కిటికీ అవతల ఆయన నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చేతిలో డాక్టరు చీటీ. ఊపిరితిత్తిలో మచ్చ కనిపించిందట. ఆసుపత్రి వాళ్ళు ఒక ఏడాది సిబ్బంది అందరికీ ఛాతీ స్కాన్ తీయించారు, ఆ స్కాన్ కావాలి. మచ్చ అప్పుడూ అలాగే ఉంటే వదిలేస్తారు. లేదంటే, స్కాన్ దొరక్కపోతే, గురువారం ఛాతీ కోసి తీసేస్తారు. ఎందుకంటే అలాంటివి ఆగితే ముదురుతాయట.

నేను లేచి నిలబడలేదు, కూర్చోమనలేదు. అర్జీ కాగితాలు రెండు కిటికీలోంచి తోశాను. ఆయన నిలబడే రాశాడు. తప్పు రాస్తే కొట్టేసి మళ్ళీ రాశాడు. అది చూసి జాలి కలిగిందని చెప్తే అబద్ధమవుతుంది. నా మంట కొంచెం చల్లబడింది.

మూడు రోజులు ఆగమనడానికి నోరు తెరిచాను కూడా. గురువారానికి సరిగ్గా మూడు రోజులు. కానీ అక్క తిరిగిన తిరుగుడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నేనూ అలాగే తిప్పితే ఆయనకూ నాకూ తేడా ఏముంది? లోపలికి రమ్మని, బీరువాలోంచి ఆ ఏటి సీడీలు ఆరూ తీశాను. అది మా అక్క పాత స్కాన్ ఉన్న ఏడాదే. వేరేగా చూడక్కర్లేదు, ఆ అంకె నా నుదుటి మీద రాసినట్టు గుర్తు.

ఆరూ కంప్యూటర్లోకి ఎక్కించడానికి అరగంట పట్టింది. ఆయన తన పాత కుర్చీలో కూర్చోకుండా గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి ముక్క మీద నొక్కి విప్పమన్నాను. తెర మీద ఆకుపచ్చ గీత కదలడం మొదలైంది. పది శాతం, ఇరవై, ముప్పై. యాభై దాటింది.

అప్పుడు ఆయన, తెర వైపు కాదు, నేల వైపు చూస్తూ అన్నాడు. "అరవై రెండు దగ్గర చూడమ్మా. అక్కడ దాటిందంటే చాలు."

నేను విని కూడా పట్టించుకోలేదు. యాభై ఎనిమిది, అరవై, అరవై ఒకటి, అరవై రెండు. గీత ఆగిపోయింది. నాలుగో ముక్క చెడిపోయిందని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

కుర్చీ ఆయన వైపు తిప్పాను.

"మీకెలా తెలుసు?"

నేను మళ్ళీ అడిగాను. నా గొంతు లేచింది, వరండాలో ఉన్నవాళ్ళు తొంగి చూశారు.

"మీ అక్క కోసం విప్పాను," అన్నాడు. "అప్పుడూ అక్కడే ఆగింది."

మిగతాది గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆ ఏడాది నాలుగో సీడీ రాస్తుండగా మధ్యలో ఎక్కడో ముక్క తెగింది. విప్పి చూడలేదు, అసలు ఫైళ్ళు చెరిపేశాడు. అక్క అర్జీ ఇచ్చిన మర్నాడు విప్పితే బయటపడింది. నలభై శాతం మంది స్కాన్‌లు పోయాయని చెబితే ఉద్యోగం పోతుంది, అంతకన్నా ముందు పేరు పోతుంది. అందుకని మూడు రోజులన్నాడు. ఏదో ఒకటి చేసి బాగుచేయొచ్చనుకున్నాడట. మళ్ళీ మూడు రోజులన్నాడు. ఆ తర్వాత ఆ ఏటి స్కాన్ అడిగినవాళ్ళందరినీ అలాగే తిప్పాడు, విసుగొచ్చి వాళ్ళే మానుకున్నారు. కొత్త కంప్యూటర్లు వచ్చాయి కదా, ఇప్పుడైనా దాటుతుందేమోనని ఆశపడి వచ్చాడు.

చెడిన మూటలోంచి వచ్చినంతవరకూ ఉంచమని కంప్యూటర్‌కు చెప్పి ఇంకోసారి విప్పాను. వచ్చినవాటిలో ఆయన స్కాన్ నంబరు లేదు. అక్క నంబరూ లేదు. ఇద్దరివీ ఆ తెగిన చోటుకి అవతలే ఉండిపోయాయి.

అర్జీ ముందుకు లాక్కుని, "స్కాన్ లేదు, ఇక దొరకదు" అని రాశాను. స్టాంపు తీశాను. ఆయన స్టూలు మీంచి లేచి వచ్చి కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"రాయకమ్మా. వెతుకుతున్నామని చెప్పు. ఒక్క మూడు రోజులు ఆగమని చెప్పు. నాకు కోతంటే భయం."

ఆ చెయ్యి నేనే తీసి పక్కన పెట్టాను. స్టాంపు వేశాను. ఒక ప్రతి ఆయన చేతికిచ్చి, రెండో దాని మీద ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నాను. అది కసితో చేశానో పద్ధతి ప్రకారం చేశానో నన్నడిగితే రెండూ అంటాను. ఆయన వెళ్ళగానే ఆ ఏటి మూట సంగతి పూసగుచ్చినట్టు రాసి పై డాక్టరుకు పంపాను. శాలువా కప్పిన చేతులు ఇప్పుడు ఏం చేస్తాయో చూడాలి.

గురువారం ఆపరేషన్ అయింది. మచ్చ చెడ్డదే, కానీ చిన్నగా ఉండగానే దొరికిందట, ప్రాణానికి ఢోకా లేదట. ఇంకో నెల ఆగి ఉంటే చెయ్యి దాటిపోయేదని డాక్టరు అన్నాడని నర్సమ్మ చెప్పింది. నేను వెంటనే రాసివ్వబట్టి మంచిదైందని మెచ్చుకుంది కూడా. నేను రిజిస్టరు చూస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. పదకొండేళ్ళుగా అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. తన రాత అలా ఉంది, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు అనేది. ఆ పాపం అన్న మాట వినలేకే చెప్పేశాను. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మొత్తం విన్నాక కూడా చేతులు ఆగలేదు, దుప్పటి ఒకటి నాలుగు మడతలు వేసి పక్కన పెట్టింది.

"ఆయనకు ఏ రోజు తెలిసిందే?" అని అడిగింది.

"నువ్వు అర్జీ ఇచ్చిన మర్నాడు. రెండో రోజు."

అక్క ఆ దుప్పటినే మళ్ళీ చేతిలోకి తీసుకుంది, విప్పింది, మడత పెట్టబోయి ఆగిపోయింది.

"అయితే అప్పటికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయే," అంది.