బడి బండలు, ఓబులయ్య సారు కుర్చీ

ఈ ఉదయం గేటు దాటగానే ఉడికించిన పసుపు వాసన గుప్పున కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. 'ఇచ్చట పసుపు ఆరబోయరాదు' అని నిన్ననే బోర్డు రాయించి పెట్టించాను. మైదుకూరు దగ్గరి ఈ ఊరి బడికి నేను ప్రధానోపాధ్యాయురాలిని. నా మాటకు ఎంత విలువంటే, ఆ బోర్డు కిందే పసుపు కొమ్ములు పోశారు. ఇదేమిటని రైతు వెంకటసుబ్బయ్యను నిలదీస్తే, "మా తాత మోసిన బండలు మేడం, ఇంగ యాడికి పోవాల?" అన్నాడు నవ్వుతూ.

ఈ జవాబు నాకు కొత్త కాదు. బడి కట్టినప్పుడు ఇంటింటివాళ్ళూ ఎద్దులబండ్ల మీద నాపరాళ్ళు తెచ్చి ఈ ఆవరణంతా పరిచారట. ఏ బండ ఎవరిదో నేటికీ ఊరందరికీ కంఠతా వచ్చు. పెళ్ళివారి విడిది ఇక్కడే, పంచాయితీ ఇక్కడే, పసుపూ ఇక్కడే. మిగిలిన చోట చదువు. ఈ అలవాటంతా ఓబులయ్య సారు చేసిందేనని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను.

ఆయన ఈ బడిలోనే నా చిన్నప్పటి హెడ్మాస్టరు. బండలు కావాలని ఎవరొచ్చినా కాదనేవారు కాదు. పరీక్షల ముందు మమ్మల్ని గోడవారకు తోసి, "కొమ్ము తొక్కినారంటే వీపు పగుల్తాది" అని బెదిరించేవారు. బట్టలు పచ్చబడితే ఇంట్లో తిట్లు తినేది మాత్రం మేము.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, కూలీలు దొరకలేదని మా నాయన నన్ను బడి మాన్పించాడు. పసుపు ఉడికే కొప్పెర కింద రోజంతా మంట ఎగదోయడం నా పని. చివరికి ఉడికిన పసుపు బండికెత్తి, పైన నన్ను కూర్చోబెట్టి బడికి తోలాడు. తీరా చూస్తే, మా బండల మీద కుర్చీ వేసుకొని ఓబులయ్య సారు కూర్చున్నారు.

"పాపను బండెక్కిస్తే బడిలో ఎవురు కూర్చుంటారప్పా?"

"ఇవి మా నాయన మోసిన బండలు సార్!"

"మోసింది బడి కోసరమప్పా. పాప లోపల కూర్చుంటేనే పసుపు ఈడ ఆరేది."

పైన మబ్బు కమ్ముకొస్తోంది. ఏడాది పంట తడిసి కుళ్ళిపోతే ఈయన తెచ్చిస్తాడా? నాకు నాయన మీద కాదు, సారు మీదే ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆయన కుర్చీలోంచి కదల్లేదు. నాయన పళ్ళు నూరి, "దిగు మే, పోయి కూర్చో పో" అన్నాడు. పచ్చటి చేతులతో లోపలికి వెళ్తే సారు ఒక్క మంచి మాటైనా అనలేదు. "హోంవర్కు యాడ?" అని కసిరారు. అన్నాళ్ళు బడికి రాని పిల్లను అడిగే మాటేనా అది! ఆ తర్వాత నేనెప్పుడూ బడి మానలేదు. ఆయనకు కృతజ్ఞతలూ చెప్పలేదు. ఆయన పోయారని తెలిసిన రోజున ఆ సంగతి తలచుకొని చాలా ఏడ్చాను.

ఇవాళ వెంకటసుబ్బయ్యతో వాదిస్తుంటే గుర్తొచ్చింది, అతని కూతురు ఎనిమిదో తరగతి. పది రోజులుగా కనబడటం లేదు.

"పాప యాడప్పా?" అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. "కొప్పెర కాడ ఉండాది మేడం."

సారు బండలన్నీ ఊరికిచ్చింది, అవసరమైన రోజున ఇవ్వనని చెప్పడానికేనని అప్పటిదాకా నాకు తట్టలేదు. బోర్డు పీకించేశాను. కుర్చీ తెప్పించి, అతని బండల్లో ఇంకా పసుపు పోయని వాటి మీద వేసుకొని కూర్చున్నాను. ఎండ మాడ్చేస్తోంది. పోయి కూడా నన్నిలా కూర్చోబెట్టినందుకు సారు మీద మళ్ళీ చిరాకేసింది.

గంట తర్వాత ఆ పిల్ల పచ్చటి చేతులతో వచ్చి, నన్ను మింగేసేలా చూసింది.

"హోంవర్కు యాడ?" అని కసిరాను.