ఆగ్నేయ మూలలో రూటర్

బాబు పుట్టాక మూడేళ్లు ఉద్యోగానికి దూరంగా ఉన్న నేను, మళ్లీ నెట్‌వర్క్ ఇంజినీరుగా చేరాలని ఒకరోజు ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు కూర్చున్నాను. నల్లగండ్లలో మా ఫ్లాట్. కరెంటు వస్తువు ఆగ్నేయంలోనే ఉండాలని అత్తమ్మ పట్టుబట్టి, వైఫై రూటర్‌ను వంటగదిలో ఫ్రిజ్ పక్కన పెట్టించారు. నా గది ఇంటికి రెండో చివర; మధ్యలో మూడు గోడలు.

పదో నిమిషంలో తెరమీద నా బొమ్మ ఆగిపోయింది.

"ఏంటండీ, నెట్‌వర్క్ ఇంజినీరు ఇంట్లోనే నెట్‌వర్క్ లేదా?" అంటూ ఇంటర్వ్యూ చేస్తున్న ముగ్గురిలో ఒకాయన నవ్వారు.

లాప్‌టాప్‌తో వంటగదిలోకి నడిచి, దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి, నేరుగా రూటర్‌కు కేబుల్ తగిలించాను. బొమ్మ స్పష్టంగా వచ్చింది, వెనక పోపు వేస్తున్న అత్తమ్మతో సహా.

"అది కిచెనా అండీ?"

"అవును సార్. రూటర్ పెట్టకూడని చోటు. ఎందుకో వివరిస్తాను."

అత్తమ్మ గరిటె పట్టుకునే ఇటు తిరిగారు. "ఏందమ్మా, బయటోళ్లకు గిట్ల చెప్తవా? కరెంటు సామాను ఆగ్నేయంల గాక యాడ పెడ్తరు?"

"అత్తమ్మా, సిగ్నల్ ఎనిమిది దిక్కులకూ పోవాలి. దానికి వాస్తు తెలియదు."

అటువైపు అందరూ నవ్వారు. ఒక్కో గోడ దగ్గర సిగ్నల్ ఎంత తగ్గుతుందో లెక్కతో సహా చెప్పాకే నేను ఆగాను.

ఆ సాయంత్రమే రూటర్‌ను హాలు మధ్య గోడకు ఎత్తుగా బిగించాను.

"ఇంటికి ఏమన్నయితె నన్ను అనకు."

"నన్నే అనండి అత్తమ్మా."

వారం తర్వాత ఉద్యోగం వచ్చింది. రాకపోయినా ఆ రూటర్ మళ్లీ వంటగదిలోకి వెళ్లేది కాదు.