పోలిష్ అవ్వ అనని మాట

పన్నెండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ మాటలు రాస్తాను. అప్పట్లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. పోలండ్ నుంచి అమెరికా వలస వెళ్లిన కొన్ని కుటుంబాలు అడవి కొట్టుకుని, బంగాళదుంపలు వేసుకుని, ముందు చర్చి, ఆ తర్వాతే ఇళ్లు కట్టుకుని ఒక చిన్న ఊరైన చరిత్ర అది. అందులో ఒకచోట ఓ ముసలావిడ గుమ్మంలో నిలబడి పోలిష్‌లో ఏదో అంటుంది. మాకిచ్చిన ఇంగ్లిష్ స్క్రిప్టులో అక్కడ ఖాళీ. అడిగితే నాలుగు రోజులు ఆలస్యం. ఆవిడ పెదాల కదలిక చూసుకుని నేనే ఒక మాట అతికించాను: "మా ఊరి మట్టి పిడికెడు తెచ్చి ఇక్కడ కలిపాం. అప్పుడే ఇది మా ఊరైంది."

పెదాలకు భలే సరిపోయింది.

గొంతు ఇచ్చింది సత్తెమ్మ. మోతీనగర్‌లో కిరాయికి ఉండే డబ్బింగ్ ఆర్టిస్టు. ఆమె పుట్టిన ఊరు కొద్దిరోజుల్లో రిజర్వాయరు కింద మునిగిపోబోతోంది. మైకు ముందే ఏడ్చేసింది. బయటికొచ్చి నన్ను అడిగింది.

"సారూ, గామె నిజంగ గట్లనే అన్నదా?"

"అవునమ్మా. నేను అక్షరం మార్చలేదు."

ఎందుకన్నానా మాట? భయమా? కాదు. నేను రాసిన మాటకి ఒక మనిషి ఏడ్చిందని లోపల మురిసిపోతున్నాను, ఆ మురిపెం పోగొట్టుకోవడం ఇష్టంలేక అన్నాను. ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలేది ఇదే.

ఆ ఆదివారమే ఆమె ఊరికి వెళ్లి సంచీడు మట్టి తెచ్చుకుంది. పెద్ద కుండీలో పోసి కరివేపాకు మొక్క నాటింది. ఇల్లు మారినప్పుడల్లా ముందు ఆ కుండీ, తర్వాతే సామాను. ఎవరొచ్చినా పోలిష్ అవ్వ మాట చెబుతుంది.

ఇప్పుడు ఫోన్లే అనువాదం చేసేస్తున్నాయి. పోయిన నెల ఆ అవ్వ పోలిష్‌లో మాట్లాడిన ముక్క ఫోనుకి వినిపించాను. ఆవిడ కెమెరా అతనితో అన్నది ఇంతే: "తలుపెయ్యి నాయనా, కోడి లోపలికొస్తోంది."

నవ్వాను. కాసేపటికి నవ్వలేకపోయాను.

చెప్పేద్దామని మోతీనగర్ వెళ్లాను. సత్తెమ్మ నాలుగు రెబ్బలు తెంపి పొట్లం కట్టింది. "ఆ అవ్వ ఏడున్నా సల్లగుండాలె సారూ. ఆమె చెప్పకపోతే మా ఊరు మొత్తం నీళ్లల్లనే పోతుండె." పొట్లం జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ కరివేపాకుతో మా ఇంట్లో చారు పెట్టారు. రెండుసార్లు పోయించుకున్నాను, సిగ్గులేకుండా.

ఆమెకి చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందా? వచ్చినా చెప్పవచ్చా? తెలియదు. ఇది రాస్తుంటే మాత్రం గుండెకి కాస్త గాలి ఆడుతోంది.

సత్తెమ్మగారూ, ఆ అవ్వ అలా అనలేదు. నేనన్నాను.